నాటుకోడి పులుసుకి కారం నుంచి కోడి దాకా మన రాయలసీమ రైతుల దగ్గరే తెచ్చుకోవడం ఎలా

సంక్రాంతి దగ్గర పడినా, ఉగాది అయిపోయి ఊరి దేవరలు (జాతరలు) మొదలైనా అందరూ అడిగేది ఒకటే, అసలైన నాటుకోడి యాడ దొరుకుతాది, అనంతపురంలో ఎవరు నమ్మకంగా ఇస్తారు, కర్నూలులో ఏ పక్క పోవాలి అని. కోడి గురించి ఇంతమంది అడుగుతారు గానీ కారం గురించి, చింతపండు గురించి అడిగేవాళ్ళు చాలా తక్కువ. అంత డబ్బు పోసి కోడి తెచ్చి దాంట్లో ప్యాకెట్ కారం, ప్యాకెట్ చికెన్ మసాలా, రిఫైన్డ్ ఆయిల్ పోస్తే కోడి మాత్రమే నాటుది, పులుసు ప్యాకెట్ రుచే వస్తాది. నిజానికి ఈ పులుసుకి కావలసిన దాంట్లో ముప్పాతిక భాగం మన పాత మూడు జిల్లాల్లోనే పండుతాది, కర్నూలు, అనంతపురం, కడప దాటి పోనక్కర్లేదు. కాకపోతే అన్నీ ఒకే రోజు దొరకవు, ఒక్కోదానికి ఒక్కో కాలం ఉంటాది. అందుకే ఇక్కడ కోడి చివర్లో వస్తాది, మీరు కొనాల్సిన వరస కూడా అదే.

ఏమేం కావాలి (రెండు కిలోల బతికున్న కోడి, ఆరుగురికి)

రెండు కిలోల కోడిని కాల్చి శుభ్రం చేస్తే కిలోన్నరకి కాస్త అటూ ఇటూ మాంసం వస్తాది. దానికి:

- ఎండుమిరపకాయల కారం రెండున్నర నుంచి మూడు పెద్ద చెంచాలు
- ధనియాలు మూడు పెద్ద చెంచాలు
- పసుపు ఒక చిన్న చెంచా, కోడికి పూయడానికి ఇంకాస్త
- చింతపండు నిమ్మకాయంత
- శెనక్కాయ (వేరుశెనగ) నూనె ఆరు పెద్ద చెంచాలు, వేయించిన శెనగ్గింజలు ఒక గుప్పెడు
- ఎర్రగడ్డలు నాలుగు, టమోటాలు రెండు
- అల్లం, తెల్లగడ్డ, కరివేపాకు, కొత్తిమీర
- చెక్క, లవంగం, ఎండుకొబ్బరి కొంచెం
- సంగటికి రాగిపిండి, బియ్యం

ఇందులో మన దగ్గర రానివి ముందే చెప్పేస్తా, వాటికోసం తిరిగి అలిసిపోవద్దు. చెక్క, లవంగం మన నేలలో కావు. ఎండుకొబ్బరి కర్ణాటకలో తిప్టూరు పక్క నుంచో కోస్తా నుంచో వస్తాది. అల్లం, తెల్లగడ్డ మన పక్క పెద్దగా పండించరు. గసగసాలైతే ఇంకో లెక్క, నల్లమందు మొక్క నుంచి వచ్చేవి కాబట్టి లైసెన్సు ఉన్న రైతులే వేయాలి, ఆ లైసెన్సులు మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ లోనే ఇస్తారు. నన్నడిగితే గసగసాలు మానేసి ఆ చిక్కదనం వేయించిన శెనగ్గింజల పొడితో తెచ్చుకోండి, మన సీమ పులుసుకి అదే బాగుంటాది. మిగిలినవి అర్ధపావు చొప్పున షాపులో కొనేయండి.

1. ముందు మీకు ఒక దారి చూసుకోండి

మార్కెట్ యార్డుకి పోయి రెండు కిలోల మిరపకాయలు ఇవ్వమంటే ఎవరూ ఇవ్వరు, అక్కడ బస్తాల లెక్క, లాట్ల లెక్క. మీలాంటి ఇళ్ళు నాలుగైదు కలిసి ఒక బస్తా పంచుకుంటే యార్డు పనికొస్తాది, ఒక్కరే అయితే వేరే దార్లు చూడాలి.

అన్నిటికంటే మంచి దారి ఊర్లో రైతు సేవా కేంద్రం (ముందు రైతు భరోసా కేంద్రం అనేవాళ్ళు, 2020లో పెట్టినవి). అక్కడుండే వ్యవసాయ అసిస్టెంటుకి ఈ-క్రాప్ నమోదు వల్ల ఏ రైతు ఏ పంట ఎన్ని ఎకరాలు వేసినాడో తెలిసుంటాది. పోయి మర్యాదగా, మీ ఊర్లో ధనియాలు ఎవరు వేసినారు సార్, ఇంటికి కొంచెం కావాలి అని అడగండి.

రెండోది రైతు బజారు. 1999లో మొదలైనప్పటి నుంచి మన పక్క కూడా నడుస్తున్నాయి, కర్నూలులో సి క్యాంపు రైతు బజారు అందరికీ తెలిసిందే. కూరగాయలకి ఇది చాలు. అయితే అక్కడ కూర్చున్నోళ్ళందరూ రైతులని అనుకోవద్దు. ఒకే బండి మీద బీన్స్, క్యారెట్, యాపిల్ అన్నీ ఉంటే అది ఒక రైతు పంట కాదు గదా. రెండు మూడు రకాలే పెట్టుకుని, కాయలు చిన్నా పెద్దా కలిసిపోయి, మన్ను అంటుకుని ఉన్న చోట ఆగండి.

మూడోది రైతుల సంఘాలు. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ 1990 నుంచి పనిచేస్తోంది, అక్కడి రైతుల సహకార సంఘం మందులు కొట్టకుండా పండించిన చిరుధాన్యాలు, శెనక్కాయల సరుకు అమ్ముతాది. ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్ళ స్టాళ్ళు కొన్ని ఊర్లలో కలెక్టరేట్ దగ్గర పెడతారు, కనుక్కోండి.

ఒక మాట మనసులో పెట్టుకోండి. కొంతమంది రైతులు పెట్టుబడికి మండీ వాళ్ళ దగ్గర అప్పు తెచ్చుకుని ఉంటారు, పంట వాళ్ళకే వేయాలి. మీకు ఇవ్వలేనంటే బలవంతం చేయొద్దు. ఇచ్చేవాళ్ళతో బేరం కూడా వద్దు, ఆ రోజు యార్డు రేటు ఎంతో కనుక్కుని దానికంటే కొంచెం ఎక్కువ ఇవ్వండి, షాపు కంటే మీకు అప్పటికీ తక్కువే పడతాది, రైతుకి కమిషన్, బాడుగ, హమాలీ ఖర్చు మిగులుతాది. సంచి మీరే తీసుకుపోండి.

2. ఎండుమిరపకాయలు: జనవరి నుంచి మార్చి లోపల, కల్లం దగ్గరే

పులుసు రంగు, ఘాటు, వాసన మూడూ ఇక్కడే తేలిపోతాయి కాబట్టి ఎక్కువ టైం దీనికే పెట్టండి. ఉరవకొండ, విడపనకల్లు పక్కా, ఆలూరు పక్కా బ్యాడిగ రకం వేస్తారు, ముడతలు పడి పొడుగ్గా ఉంటాది, రంగు బాగా వస్తాది, కారం తక్కువ. అది ఒక్కటే వేస్తే పులుసు ఎర్రగా ఉంటాది గానీ నాలుకకి తగలదు. గుంటూరు రకం ఒక్కటే వేస్తే మంట తప్ప ఇంకేం తెలీదు. రెండు పాళ్ళు బ్యాడిగకి ఒక పాలు ఘాటు రకం కలిపి పట్టించుకోండి, పిల్లలుంటే మూడుకి ఒకటి.

కల్లంలో ఆరబోసినప్పుడే పోతే మీ చేత్తో ఏరుకోవచ్చు. ఎట్లా చూడాలంటే, ఒక కాయ చెవి దగ్గర పెట్టి ఊపండి, లోపల గింజలు గలగలమనాలి. వంచితే పుటుక్కున విరగాలి, మెత్తగా వంగిందంటే తేమ ఉంది, ఇంటికి తెచ్చినాక బూజు పడతాది. తెల్లగా పాలిపోయిన తాలు కాయలు ఏరేయండి, రేటు తక్కువని కొంతమంది అవే కారానికి వాడతారు, దయచేసి ఆ పని చేయొద్దు, బూజు విషం చేరేది ఎక్కువగా అట్లాంటి కాయల్లోనే. నాలుగు కాయలు విరిచి లోపల నల్లగా, బూడిద రంగు పొడి ఉందేమో చూడండి. ముట్టుకుంటే చేతికి రంగు గానీ నూనె గానీ అంటుకుంటే వదిలేయండి.

మిరప మీద మందులు బాగా కొడతారు, 2021లో నల్ల తామర పురుగు వచ్చినప్పటి నుంచి ఇంకా ఎక్కువైంది. చివరిసారి ఎప్పుడు కొట్టినారన్నా అని మొహమాటం లేకుండా అడగండి, చాలామంది నిజమే చెప్తారు.

తెచ్చినాక రెండు రోజులు గట్టి ఎండలో మళ్ళీ పెట్టి, తొడిమలు తీసి, కారం మిషన్ కి తీసుకుపోండి. మిషన్ దగ్గర మీ ముందు ఏం పట్టినారో చూసుకోండి, పసుపో ధనియాలో పట్టి ఉంటే మొదటి గుప్పెడు పిండి పక్కన పెట్టేయమనండి. కారం వేడిగా ఉన్నప్పుడే డబ్బాలో పోసి మూత పెడితే చెమ్మ పడతాది, పూర్తిగా చల్లారినాకే జాడీకి ఎత్తండి. సంవత్సరానికి సరిపడా కాయలు కొనండి గానీ అంతా ఒకేసారి పట్టించొద్దు, మూడు నెలలకొకసారి పట్టిస్తే వాసన నిలుస్తాది.

కాలం దాటిపోయి పొడే కొనాల్సి వస్తే గ్లాసు నీళ్ళ మీద చిటికెడు చల్లండి. మంచి కారం మెల్లగా దిగుతాది, రంగు కలిపినదైతే ఎర్రటి గీతలు గీతలుగా నీళ్ళలోకి జారుతాది, అడుగున గరుకుగా ఇసకలాగా తగిలితే ఇటుకపొడి ఉన్నట్టు.

3. ధనియాలు, పసుపు

ధనియాలు నంద్యాల, ఆళ్ళగడ్డ, తాడిపత్రి పక్క నల్లరేగడి నేలల్లో రబీలో వేస్తారు, సంక్రాంతి అయినాక కోత. గుప్పెడు తీసుకుని అరచేతుల మధ్య నలపండి, వాసన గుప్పుమని రావాలి, రాలేదంటే పోయిన ఏడాదివి. మరీ పచ్చగా మెరిసిపోతూ ఉంటే నాకైతే నమ్మకం కలగదు, ఎండలో ఎండినవి లేత పసుపు, బంగారు రంగు కలిసి ఉంటాయి. చిన్న చిన్న బెజ్జాలుంటే పురుగు పట్టినట్టే. నిలవకి ఎండిన వేపాకు వేసి గట్టి మూత పెట్టండి. వేయించేది మాత్రం పులుసు చేసే రోజే, సన్న సెగ మీద, రంగు కొంచెం మారగానే దించేయాలి, ఎక్కువ వేగితే మొత్తం పులుసు చేదెక్కుతాది, దాన్ని ఏం వేసినా సరిచేయలేరు.

పసుపుకి కడప జిల్లా ఉంది, మైదుకూరు పక్క పాతకాలం నుంచి వేస్తారు. తొమ్మిది నెలల పంట, జనవరి నుంచి మార్చి దాకా తవ్వి ఉడకబెట్టి ఎండబెడతారు. పొడి కొనొద్దు, కొమ్ములు కొనండి. విరిస్తే లోపల ముదురు నారింజ రంగు ఉండాలి, లోహం మీద కొట్టినట్టు కంగుమనాలి. పైన మరీ నున్నగా, కళ్ళు చెదిరేంత పసుపుగా ఉంటే నీళ్ళలో వేసి చూడండి, వేయంగానే నీళ్ళు పచ్చబడితే పైన రంగు పూసినారు. కొమ్ములు పొడిగా ఉంచితే ఏళ్ళు నిలవ ఉంటాయి, అరకిలో తెస్తే ఇంటికి చాలు.

4. చింతపండు

దీనికి హిందూపురం మార్కెట్ పెట్టింది పేరు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సీజన్. అక్కడ కరిపులి, ఫ్లవర్ అని రెండు రకాలుగా రేటు చెప్తారు, కరిపులికి ఎక్కువ. మీకు యార్డుతో పని లేకుండా, ఊర్లో చింతచెట్టు ఉన్నవాళ్ళ దగ్గర పిక్క తీయని పండు కొని ఇంట్లోనే పిక్క, ఈనె తీసుకోవచ్చు, ఆడవాళ్ళు మగవాళ్ళు అందరూ కూర్చుంటే ఒక సాయంత్రం పని. కొత్తది లేత గోధుమ రంగులో ఉంటాది, పాతది నల్లబడతాది. పులుసుకి రెండూ పనికొస్తాయి, పాతదైతే రంగు ముదురుగా వస్తాది, కొత్తది పులుపు పదునుగా ఉంటాది కాబట్టి కొంచెం తగ్గించండి. రాళ్ళ ఉప్పు చల్లి జాడీలో ఒత్తి పెట్టండి. అల్యూమినియం గిన్నెలో నానబెట్టొద్దు.

5. శెనక్కాయలు, నూనె

అనంతపురం జిల్లాలో ఉండి శెనక్కాయ నూనె ప్యాకెట్ కొనడం నాకు నిజంగా బాధేస్తాది. ఖరీఫ్ శెనక్కాయ అక్టోబర్, నవంబర్ లో వస్తాది, బోరు కింద వేసింది మార్చి, ఏప్రిల్ లో. కదిరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన కదిరి-6, కదిరి లేపాక్షి రకాలే ఎక్కువ కనపడతాయి. కాయలుగానే కొని కాయలుగానే నిలవ పెట్టండి, పొట్టు ఉంటే గింజ తొందరగా పాడవదు. నూనెకి పోయే ముందు గింజలన్నీ చేటలో పోసి ఏరండి. బూజు పట్టినవి, రంగు మారినవి, ముడుచుకుపోయినవి ఒక్కటి కూడా ఉండకూడదు, వర్షంలో తడిసిన కాయల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతాది, అది వేయించినా పోదు.

గానుగ దగ్గరికి మీ గింజలు మీరే తీసుకుపోండి, సుమారు రెండున్నర కిలోల గింజలకి లీటరు నూనె లెక్క వేసుకోండి. నూనె తీసినాక మిగిలే చెక్క (పిండి) ఎవరిదని ముందే మాట్లాడుకోండి, పశువులున్నవాళ్ళకి అది చాలా విలువైంది. నూనె రెండు రోజులు కదపకుండా ఉంచితే మడ్డి అడుక్కి దిగుతాది, పైది వంచుకోండి. మూడు నెలలకి సరిపడానే ఆడించండి. పాతబడిన నూనె వాసనలోనే తెలుస్తాది, నాలుక మీద చుక్క వేసుకుంటే గొంతులో గీరుకుంటాది, అట్లాంటిది పులుసుకి వద్దు.

6. ఎర్రగడ్డలు, టమోటాలు: ఆ వారమే

కర్నూలు ఎర్రగడ్డ ఆగస్టు నుంచి నవంబర్ దాకా యార్డుకి పోటెత్తుతాది. వానాకాలం గడ్డలో నీళ్ళెక్కువ, ఎక్కువ రోజులు ఆగదు, రేటు పడిందని బస్తా తెచ్చి మూల పడేస్తే కుళ్ళిపోతాది. నిలవకి కావాలంటే ఎండాకాలం ముందు వచ్చే రబీ గడ్డ తీసుకోండి, మెడ సన్నగా ఎండిపోయి, పొర గట్టిగా ఉండాలి.

టమోటాకి పత్తికొండ, అనంతపురం శివార్లలో కక్కలపల్లి మండీలు ఉన్నాయి. పులుసుకి పుల్లగా ఉండే పలచ తోలు నాటు టమోటా బాగుంటాది, దూరం పోవడానికి వేసే గట్టి తోలు హైబ్రిడ్ లో పులుపు తక్కువ. నాటువి దొరక్కపోతే హైబ్రిడ్ వేసి చింతపండు కాస్త పెంచండి. రేటు పడిపోయి రైతులు రోడ్డు పక్కన పారబోసే రోజులు ఏటా వస్తున్నాయి, ఆ రోజుల్లో తోట దగ్గరికే పోయి పది కిలోలు మంచి రేటుకే కొని, చక్రాలు కోసి ఉప్పు రాసి వరుగులు పెట్టుకోండి. ఆర్నెల్లు పులుసులోకి, పప్పులోకి వస్తాయి.

7. ఇప్పుడు కోడి

షాపు ముందు "నాటుకోడి" అని బోర్డు ఉన్నంత మాత్రాన అది ఊరికోడి కాదు. సోనాలి, గిరిరాజ, వనరాజ లాంటివి షెడ్లలో పెంచి అదే పేరుతో అమ్ముతారు. అవి చెడ్డవని కాదు, తినొచ్చు, కానీ ఆ రేటు వాటికి పెట్టొద్దు. గుడ్లు పెట్టడం అయిపోయిన లేయర్ కోళ్ళని అంటగట్టడం మాత్రం మోసమే.

మంచి పద్ధతి ఏందంటే, పల్లెలో నాలుగైదు పెట్టలు పెంచే ఇల్లు చూసుకుని రెండు మూడు వారాల ముందే చెప్పి పెట్టడం. ఎక్కువగా ఇంటి ఆడవాళ్ళే పెంచుతారు, డబ్బులు వాళ్ళ చేతికే ఇవ్వండి. సంక్రాంతి, ఉగాది, దేవరల ముందు వారం రేటు బాగా పెరుగుతాది, శ్రావణంలో, కార్తీకంలో తినేవాళ్ళు తగ్గుతారు కాబట్టి అప్పుడు సులభంగా దొరుకుతాది.

చూడాల్సినవి:

- ముక్కు కొన కత్తిరించి మొద్దుగా ఉంటే అది ఫారం కోడి, ఇంక వేరే పరీక్ష అక్కర్లేదు.
- గోళ్ళు అరిగి, కాళ్ళు సన్నగా గట్టిగా ఉండాలి, నేల కెలికి తిన్న కోడికి గోళ్ళు పొడుగ్గా ఉండవు.
- గుంపులో అన్నీ ఒకే సైజు, ఒకే వయసు ఉంటే షెడ్డు సరుకు. ఊరి ఇంట్లో రకరకాల రంగులు, పిల్లలు, పెద్దవి కలిసి ఉంటాయి.
- వయసు కోసం ఎద ఎముక కింది కొన వేలితో నొక్కండి, కాస్త వంగితే లేతది, రాయిలాగా ఉంటే ముదురు. పుంజుకి కాలి వెనక ముల్లు చిన్న బొడిపెలాగా ఉంటే ఏడాది లోపుది, పొడుగ్గా మొనదేలితే ముసలిది. పులుసుకి ఏడెనిమిది నెలలది సరైంది.
- పొదిగి లేచిన పెట్ట వద్దు, ఎముకలే ఉంటాయి.

మూలన ముడుచుకుని, రెక్కలు వేలాడేసి, ఆకుపచ్చగా రెట్ట వేస్తూ, మెడ తిప్పుకుంటూ ఉంటే కొక్కెర తెగులు అనుకోండి. ఆ కోడినే కాదు, ఆ ఇంట్లో ఏ కోడినీ తేవొద్దు. ఊర్లో కోళ్ళు చచ్చిపోతున్నాయి, అందుకే తక్కువకి ఇస్తున్నామని ఎవరన్నా అంటే అస్సలు కొనొద్దు, పశువుల డాక్టరుకి చెప్పమనండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది గుర్తుంది గదా, అట్లాంటి సమయంలో పచ్చి మాంసం ముట్టుకున్న చేతులు సబ్బుతో కడగడం, ముక్క లోపలి దాకా ఉడికించడం తప్పనిసరి.

తెచ్చేటప్పుడు కాళ్ళు కట్టి బండి హ్యాండిల్ కి తలకిందులుగా వేలాడదీయొద్దు. అది కోడికి నరకం. మన ఎండల్లో దారిలోనే చచ్చిపోయే ప్రమాదం కూడా ఉంది. గంపలోనో బెజ్జాలు పెట్టిన అట్టపెట్టెలోనో పొద్దున్నే చల్లపూట తెచ్చి, నీడలో పెట్టి నీళ్ళు పెట్టండి.

కోయించేటప్పుడు వేడినీళ్ళ మిషన్ లో వేయకుండా ఈకలు పీకి, పసుపు పూసి మంట మీద కాల్చమనండి, తోలు ఉంచేయండి. సగం రుచి ఆ కాల్చిన తోలులోనే ఉంటాది. కాల్చినాక చూస్తే తోలు పలచగా, కొవ్వు తక్కువగా, తొడ ముక్క ముదురు రంగులో ఉండాలి. పొట్టలో పసుపుపచ్చ కొవ్వు ముద్దలు ముద్దలుగా ఉంటే మీకు లేయర్ కోడి ఇచ్చినారేమో అనుమానించండి.

8. సంగటికి

రాగులు మడకశిర, హిందూపురం పక్క దండిగా పండుతాయి. గింజలే కొని, రాళ్ళు, మన్ను లేకుండా కడిగి ఎండబెట్టి పట్టించండి. పిండి నెల కంటే ఎక్కువ నిలవ పెడితే చేదు వస్తాది. సన్న బియ్యం కంటే నూకలు, లావు బియ్యం సంగటికి బాగా కలుస్తాయి.

వండినాక సరిగ్గా తెచ్చినామా లేదా ఎట్లా తెలుసుకోవాలి

మట్టి చట్టిలో లేత కోడికి గంట పడతాది, ముదురుదానికి రెండు గంటలు. కుక్కర్లో అయితే ఐదారు విజిల్స్, తర్వాత మూత తీసి సన్న సెగ మీద పదిహేను నిమిషాలు. గంటన్నరకి కూడా ముక్క ఎముక వదలకపోతే ముసలి కోడి, పచ్చి బొప్పాయి ముక్క చిన్నది వేయండి. అరగంటకే ముక్క విడిపోయి పీచులు పీచులు అయితే అది ఊరికోడి కాదు, ఆ ఇంటికి మళ్ళీ పోవద్దు.

నూనె పైకి తేలి ఎర్రగా కనపడాలి. పులుసు ఎర్రగా ఉండి ఘాటు లేకపోతే మిరప పాళ్ళు మార్చండి, చేదుగా ఉంటే ధనియాలు మాడినాయి లేదా శెనగ్గింజల్లో చెడ్డవి పోయినాయి, పలచగా నీళ్ళలాగా ఉంటే వేయించిన శెనగ్గింజల పొడి ఇంకో చెంచా వేయండి. పులుపు ముందుకొచ్చి కారం వెనకబడితే కొత్త చింతపండు అని తెలుసుకుని ఈసారి తగ్గించండి. చేతికి, ప్లేటుకి ఎర్ర రంగు అంటుకుని సబ్బుకి కూడా సులభంగా పోకపోతే కారం అనుమానించండి.

బెంగళూరు, హైదరాబాద్ లో ఉన్నోళ్ళకి

ఎండు సరుకంతా ఊరి నుంచి ఆర్టీసీ కార్గోలో తెప్పించుకోవచ్చు, కోడి మాత్రం మీరున్న దగ్గరే పైన చెప్పిన గుర్తులతో చూసుకోండి, కోసి ఐస్ లో పెట్టి పంపించమని ఊర్లో వాళ్ళని అడగొద్దు, ఎండాకాలం మధ్యలో ఎక్కడన్నా ఆగితే పాడైపోతాది. మిరపకాయలు, ధనియాలు గోనెసంచిలో, నూనె స్టీల్ క్యాన్ లో మూతకి టేపు చుట్టి పంపమనండి. చింతపండు విడిగా పెట్టించండి, కారం ప్యాకెట్ తో ఒకే కవర్లో వేస్తే దాని తడి కారానికి తగిలి ఇల్లు చేరేలోపే గడ్డలు కడతాది.